గుడ్లగూబను లోపల పెట్టి తాళం వేశాం

ఈ రోజు మధ్యాహ్నం కాకులు తరుముతుంటే ఒక చిన్న గుడ్లగూబ గాజువాకలోని మా ఇంట్లోకి దూరి బీరువా మీద కూర్చుంది. గుడ్లగూబ దూరిన ఇంట్లో మనుషులు ఉండకూడదని నానమ్మ అందరినీ బయటికి పంపి, కిటికీలు మూయించి, తలుపుకు తాళం వేయించింది.

రేపు నాకు పరీక్ష. హాల్ టికెట్ ఆ బీరువాలోనే ఉంది.

“తలుపు తియ్యవే నానమ్మా, హాల్ టికెట్ తెచ్చుకుంటాను.”

“అది ఎల్లిపోనీ, తీత్తాను.”

“తాళమేసుంటే అదెలగెల్తాది?”

నానమ్మ తాళంచెవి బొడ్లో దోపుకుంది. “నీకెందుకే ఆ గోల? మూడు నెల్లు మీ అత్త ఇంటికాడ ఉందుం.”

అరుగు మీద ఆమె కునుకు తీయగానే తాళంచెవి లాగి లోపలికి వెళ్లాను. గుడ్లగూబ మెడ వెనక్కి తిప్పి, నేనే దాని ఇంట్లో దూరినట్టు చూసింది. తువ్వాలు కప్పి పట్టుకుని, పెరట్లో జామచెట్టు మీద వదిలాను. ఆకుల్లో దాక్కుంది.

హాల్ టికెట్ కోసం తిరిగి వచ్చేలోగా నానమ్మ లేచి, నా చేతిలో తువ్వాలుకు అంటిన ఈక చూసింది. అది పోయింది కదా అని ఇల్లంతా పసుపునీళ్లు చల్లించి అందరినీ లోపలికి పిలిచి, నన్ను మాత్రం గుమ్మంలోనే ఆపేసింది.

“నువ్వెక్కడికే? దాన్ని ముట్టుకున్నావు కదేటి?”

రేపు పరీక్ష రాశాక దీన్ని మన కాలేజీ గోడపత్రికకు అంటిస్తాను. మీ ఇళ్లలో అయితే ఎవరిని బయట ఉంచేవారో కింద ఖాళీలో రాయండి. నేను ఇంకా అరుగు మీదే ఉన్నాను. హాల్ టికెట్‌ను నానమ్మ కిటికీలోంచి పట్టకారుతో అందించింది.