ఎలుకల దాకా వచ్చిన కిడ్నీ

మా వీధి మలుపులో ఒక షట్టరుకు "త్వరలో ప్రారంభం" అని ఫ్లెక్సీ కట్టి ఉంది. ఏం ప్రారంభమో కింద రాసే ఉంటారు గాని, ఎండకు ఆ అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయాయి. ఓనరు మొహం కూడా మెల్లమెల్లగా నీలంగా మారి, ఇప్పుడు మీసం మాత్రమే మిగిలింది. పొద్దున పాల ప్యాకెట్టుకు పోతూ రోజూ దాన్ని చూస్తాను. సిద్దిపేటలో ఇంకెవరికీ దానితో ఇబ్బంది ఉన్నట్టు లేదు. నాకే ఆ మొదటి మాట గిట్టదు.

ఒకప్పుడు ఆ మాట మీదే బతుకుదామనుకున్నాను. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, ఉద్యోగం ఇస్తామన్నవాళ్లు ఎవరూ కనబడక (నేనూ అంత గట్టిగా వెతకలేదు), ఫ్రీలాన్స్ సైన్స్ రచయితనని నాకు నేనే ప్రకటించుకున్నాను. అదేం పనో మా వీధిలో ఎవరికీ అర్థం కాలేదు. పేపర్లో పేరు వస్తుంది కాబట్టి విలేకరినే అయ్యుంటానని, ఎదురింటి అత్త మురుగుతో నిండిపోయిన మోరీ ఫోటోలు నా వాట్సాప్‌కు పంపేది. నేను ఆమెకు కృష్ణబిలాల మీద రాసిన వ్యాసం పంపేవాణ్ని. ("మంచిగుంది బిడ్డా, మోరీ సంగతి సుత సూడు" అని జవాబు వచ్చేది.) హైదరాబాదులో నా వ్యాసాలు వేసుకునే ఆదివారం అనుబంధం సారుది ఒక్కటే నియమం. "ఆదివారం పొద్దున మంది చాయ్ తాగుకుంట చదువుతరు. ఆఖర్ల ఆశ పెట్టు," అనేవాడు. అలా నా వ్యాసాలన్నీ ఒకే వాక్యంతో ముగిసేవి: త్వరలోనే ఇది అందరికీ అందుబాటులోకి రానుంది. బట్టతల, మోకాళ్ల నొప్పులు, మతిమరుపు, పుచ్చిన పళ్లు, అన్నింటినీ వరసగా ఆ వాక్యంతోనే నయం చేశాను. ఎవరి మోకాలూ బాగుపడలేదు, ఎవరి నుంచీ ఫిర్యాదూ రాలేదు. అసలు చివరిదాకా చదివేవాళ్లు ఉన్నారా అని అనుమానంగా ఉండేది. ఒకరున్నారు. మా బాపు.

బాపుది బజార్లో స్టీలు సామాన్ల దుకాణం. కంపెనీవాళ్లు పంపే కాయితాల్లో సరుకు ఎప్పుడు వస్తుందన్నది అన్నిటికన్నా కింద ఉంటుంది కాబట్టి, ఆయన ఏది చదివినా కిందినుంచే మొదలుపెట్టేవాడు. చాలాసార్లు అక్కడే ఆపేసేవాడు. షుగరు ఆయన కిడ్నీలను ఏళ్ల తరబడి, ఏ హడావుడీ లేకుండా తింటూ వచ్చింది. చివరికి డాక్టరు ఇక డయాలసిస్ తప్పదని, దానికి ముందు చేతి నరానికి చిన్న ఆపరేషన్ చేయించుకొమ్మని, ఆలస్యం చేయొద్దని చెప్పాడు. ఆ ఆదివారమే, ల్యాబులో తయారుచేసిన కిడ్నీలను ఎలుకలకు అమర్చారన్న నా వ్యాసం అచ్చయింది. ఆఖర్న ఆశ ఉంది.

ఆపరేషన్ వద్దన్నాడు బాపు. ఎందుకు వద్దని అమ్మ అడిగితే పేపరు చూపించాడు. "కొత్త మాల్ వస్తుందని తెల్సినంక పాత మాల్ ఎవడన్న కొంటడా?"

ఆయన వ్యాపారంలో కంపెనీ మనిషి త్వరలో అన్నాడంటే వచ్చే లారీకి అని అర్థం. అందుకే వారం వారం, ఎందాక వచ్చిందని నన్ను అడిగేవాడు. హైదరాబాదులో దిగిందా, గజ్వేల్ దాటిందా అన్నట్టుండేది ఆ అడగటం. అది ఎలుకల దాకానే వచ్చిందని చెప్పాను. ఎలుకలకు వచ్చినాక మనుషులకు రావడం ఎంతసేపు, మిక్సీ కూడా ముందు పెద్దిళ్లకే వచ్చింది, ఇప్పుడు ఎవరింట్లో లేదు అన్నాడు. రాసినవాణ్ని నేనే, నమ్మొద్దంటున్నదీ నేనే. ఆయన మాత్రం ఎదురుగా ఉన్న కొడుకుని వదిలి అచ్చులో ఉన్న కొడుకునే నమ్మాడు. గిరాకీలకు కుక్కర్లతో పాటు నా వ్యాసం కూడా చూపించేవాడట. పాదాలు వాచి చెప్పులు పట్టకపోతే, ఒక సైజు పెద్దవి కొనుక్కున్నాడు.

అచ్చునే నమ్ముతాడు కాబట్టి నిజాన్ని అచ్చులోనే చెప్పాలనుకున్నాను. ఒక్క పాఠకుడి కోసం వ్యాసం రాశాను: ఆ కిడ్నీ మనుషులకు రావడానికి ఏళ్లు పట్టొచ్చు, రాకపోనూ వచ్చు, దాని కోసం ఎదురుచూస్తూ డయాలసిస్ వాయిదా వేయకండి. అంత శ్రద్ధగా నేను రాసింది మరొకటి లేదు. సారుకు ఫోన్ చేసి, ఇంట్లో సంగతి చెప్పి, ఆఖరు పేరా ముట్టుకోవద్దని బతిమిలాడాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. ఆదివారం పేపరు తెరిస్తే ఒక్క అక్షరం కూడా కోయలేదు. కింద కొంచెం జాగ మిగిలినట్టుంది, ఒక వాక్యం కలిపారు. ఏ వాక్యమో మీకు తెలుసు. బాపు కిందినుంచే చదివాడు.

"సూసినవా, మల్ల రాసిన్రు," అన్నాడు తృప్తిగా.

కొన్నాళ్లకు ఒక పొద్దున దుకాణం షట్టరు ఎత్తబోయి, ఊపిరి అందక మెట్ల మీద కూలబడ్డాడు. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. చేతి ఆపరేషన్‌కు ఇక వ్యవధి లేదు, మెడలోనే గొట్టం వేసి మిషనుకు కలిపారు. బతికాడు. కాని గుండె దెబ్బతిన్నదని, ముందే తీసుకొచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. బాపు మళ్లీ దుకాణం తెరవలేదు. మరుసటి ఎండాకాలం దాకా ఉండలేదు.

నేను ఇప్పటికీ అదే పని చేస్తున్నాను. కాకపోతే ఆఖరు పేరా ముందు రాసుకుని, పైదంతా తర్వాత రాస్తాను. కింద జాగ మిగలకుండా చూసుకుంటాను. అప్పటి నన్ను తలచుకుంటే నవ్వే వస్తుంది. లోకంలోని బట్టతలలన్నీ నయం చేసి, ఇంట్లో ఉన్న ఒక్క మనిషిని మిషను దాకా నడిపించలేకపోయిన ఆ బక్కపలచని రచయితను చూస్తే ఇంకేం వస్తుంది?

మొదటిసారి మిషను పెట్టిన రోజు, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాను. తన నెత్తురు గొట్టంలో తిరగడం చూస్తూ బాపు, ఆ ఎలుకలు ఇప్పుడు ఎట్లున్నాయని అడిగాడు. దాచే ఓపిక లేక, చచ్చిపోయాయని, కొంతసేపే బతికాయని చెప్పాను. మరి అది ఎందుకు రాయలేదన్నాడు. ఆదివారం పొద్దున చదివేవాళ్లకు బాగుండదని పేపరు సారు వద్దన్నాడన్నాను. బాపు కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"ఎలుకలు సచ్చినయని రాసుంటే, నేను అప్పుడే వస్తుంటి గదరా," అన్నాడు.