చెయ్యి ఆనలేదు

నా చిన్నప్పుడు నా తలంటే జనం జడిసేవారు. తలంతా పుళ్ళు లేచి, రసి కారి, జుట్టు అట్టలు కట్టేసింది. అనకాపల్లి చుట్టుపక్కల చెరుకు కొట్టే కాలం. మావాళ్ళంతా పనిలోకి పోతే నేను అరుగు మీద ఈగలు తోలుకుంటూ కూర్చునేవాణ్ణి. బళ్ళో మాస్టారు నన్ను వసారాలో కూర్చోమన్నారు. పిల్లలు ఆటలోకి రానిచ్చేవారు కాదు. మా అమ్మ కూడా వేళ్ళకి గుడ్డ చుట్టుకునే నూనె రాసేది. ఆవిడ చంకలో చంటిపిల్ల ఉంది, ఆవిణ్ణి నేనేమీ అనను. కానీ ఆ వయసులో నాకు అర్థమైంది ఒకటే. మనుషులకే పనికిరానివాణ్ణి దేవుడికేం పనికొస్తాను?

మా పేటలో తాటాకుల చర్చి ఉండేది. స్వస్థత ప్రార్థన రోజున జబ్బు మనుషులు ముందుకొచ్చి మోకాళ్ళూనితే, పాస్టరు అయ్యగారు ఒక్కొక్కరి తల మీద చెయ్యుంచి ప్రార్థించేవారు. అది మా ఆనవాయితీ. ఆ ఆదివారం నేనూ వెళ్ళి మోకరించేను. నా వంతు రాగానే కళ్ళు మూసుకుని ఆ చేతి బరువు కోసం ఎదురుచూసేను. ప్రార్థన నడుస్తోంది, అందరికంటే నాకే పొడుగ్గా. బరువు మాత్రం దిగలేదు. ఒక కన్ను తెరిచి చూద్దును కదా, ఆయన అరచెయ్యి నా తలకి జానెడు ఎత్తున గాలిలోనే ఆగిపోయి ఉంది.

అయ్యగారు "ఆమేన్" అన్నారు. సంఘమంతా ఆమేన్ అంది. పక్కింటి అప్ప అనలేదు. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆవిడ నాకు చుట్టమేమీ కాదు, చెరుకు నరికే మనిషి. ఆడవాళ్ళ వైపు నుంచి లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఆడికి సెయ్యి ఆనలేదు."

"దేవుడికి చెయ్యెందుకమ్మా? మాట చాలు."

"మాటే సాలితే మిగతావోళ్ళ నెత్తులెందుకు పట్టుకున్నారు?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సంఘపెద్ద "కూకోయే, నోరెక్కువైంది నీకు" అని కసిరేడు. "కూకుంటాను మామా, పనయ్యేక" అంటూ ఆవిడ నడిచొచ్చి రెండు చేతులూ నా తల మీద వేసింది. పుళ్ళ మీదే. భగ్గున మంట పుట్టింది. "ఏట్రా అలా సూత్తావు, కళ్ళు ముయ్యి" అని నన్ను గదిమి, "పెబువా, ఈడు మావోడు. నేను ముట్టుకున్నాను. నువ్వూ ముట్టుకో" అంది. అంతే ప్రార్థన. నేను వెక్కి వెక్కి ఏడ్చేను, మంటకి కాదు. దేవుడున్నాడని నాకు తెలిసింది ఆ గరుకు చేతుల కిందే.

పుళ్ళు ఆస్పత్రి మందుతో మానేయి. మహిమ జరిగిందని అబద్ధమాడను. అయ్యగారికి ఎదురు చెప్పిందని పెద్దమనుషులు మాత్రం ఆవిణ్ణి కొన్నాళ్ళు చర్చి గుమ్మం దగ్గరే కూర్చోమన్నారు. కూర్చుంది. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, అందరికంటే గట్టిగా పాడింది.

నాకు బడి అబ్బలేదు, అక్షరాలు నాకు నేనే కూడబలుక్కున్నాను. ప్రభువు కుష్ఠు మనిషిని చెయ్యి చాపి ముట్టుకున్నాడని బైబిల్లో చదివిన రోజున నాకు కోపమొచ్చింది. ఇది అయ్యగారు చదవలేదా? ఇప్పుడు ఏసీ హాళ్ళొచ్చేయి, మైకులొచ్చేయి, ఫోన్లోనే స్వస్థత పంపిస్తామంటున్నారు. పంపించుకోండి. నేను ఒప్పుకోను.

పేటలో ఎవరు మంచాన పడి కబురంపినా నేను వెళ్తాను. మనవలు "అంటుకుంటాది తాతా" అంటారు. సబ్బుతో చేతులు కడుక్కోవడం నాకూ వచ్చు. ముందు చెయ్యి వేస్తాను, తర్వాతే నోరు విప్పుతాను. ఒక్కోసారి ప్రార్థనకి మాటలు అందవు. చెయ్యి మాత్రం తియ్యను.