ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చింది నేను కాదు

వానాకాలంలో కరెంటు పోయి క్లాసురూములో చీకటి కమ్ముకోగానే ఏడో తరగతి పిల్లలు నన్ను ఏటా ఒకటే ప్రశ్న అడిగేవాళ్లు: దెయ్యాలున్నాయా మేడమ్ అని. నేను లెక్కల టీచర్ని. చాక్‌పీసు కింద పెట్టకుండానే, "చూసినవాళ్లు చెయ్యెత్తండి" అని హిందీలో అనేదాన్ని. ఒక్క చెయ్యీ లేచేది కాదు. మళ్లీ బోర్డు వైపు తిరిగిపోయేదాన్ని.

నాకు ముప్పై నిండబోయే ఏడాది చలికాలం తర్వాత ఆ మాట అనడం మానేశాను. అలాగని దెయ్యాలను నమ్మడం మొదలుపెట్టలేదు. ఇప్పటికీ నమ్మను. నేను దేన్నీ చూడలేదు కూడా. చూసింది మా అమ్మ. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

అవి తొంభైల మధ్య రోజులు. నాన్న భిలాయిలో ఉక్కు ప్లాంటు పనికని బొబ్బిలి దగ్గర్నుంచి వచ్చినవాడు. నేను కాలేజీలో ఉండగానే జబ్బు చేసి పోయాడు. క్వార్టరు ఖాళీ చేసి, అమ్మా నేనూ ఊళ్లోనే ఖుర్సీపార్ అనే పేటలో రెండు గదుల అద్దె ఇంట్లోకి మారాం. ముందు గది, వెనక వంటిల్లు, ఆ వెనక చిన్న పెరడు. పెరట్లో నులకమంచం. చలికాలం మధ్యాహ్నాలు అమ్మ ఆ మంచం మీద ఎండలో కూర్చుని బియ్యం ఏరుకుంటూ కునుకు తీసేది.

నాకు భిలాయి-3లో ఒక ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం. పొద్దున్నే టెంపోలో వెళ్లేదాన్ని. స్కూలు నాలుగింటికి వదిలేవారు. ఇంటికి మాత్రం అయిదున్నరకు చేరేదాన్ని. ఎక్‌స్ట్రా క్లాసులున్నాయని అమ్మకు చెప్పేదాన్ని.

అది అబద్ధం. నాలుగింటికి బయటపడి స్టేషనుకు నడిచి, ప్లాట్‌ఫారం చివర, జనం రాని చోట ఉన్న సిమెంటు బెంచీ మీద కూర్చునేదాన్ని. స్టేషను బయట ఒక ఛత్తీస్‌గఢీ ముసలామె జామకాయలు అమ్మేది. ఒక కాయ కోయించి ఉప్పూ కారం అద్దించుకుని, దాన్ని తింటూ గూడ్సు బళ్లు చూసేదాన్ని. బొగ్గు, ఇనపరాయి, ఖాళీ పెట్టెలు. ఒక్కో బండి పోవడానికి ఎంతసేపు పట్టేదో! అది పోతున్నంతసేపూ నా ఒళ్లు కూడా కొంచెం కదులుతున్నట్టుండేది. ఎక్కడికో వెళ్లాలని కాదు. నేను కూర్చున్నచోటే ఉండగా లోకం నా పక్కనుంచి మెల్లగా జరుగుతుంటే చాలా హాయిగా ఉండేది. దుమ్ములో ఎండ ఎర్రబడేది. అప్పుడు లేచేదాన్ని.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడాల్సిన విషయం కాదు. కానీ చెబితే మిగతాదంతా చెప్పాల్సి వస్తుంది.

మిగతాదంటే ఇదీ. నాకు పెళ్లి వద్దు. ఎవరినో ప్రేమించి మోసపోయి కాదు, అమ్మ కోసం త్యాగం చేసీ కాదు. నాకు నా జీవితం నచ్చింది. పొద్దుటి టెంపో, బోర్డు మీద తేలిన లెక్క, సాయంత్రం ఆ బెంచీ, రాత్రి అమ్మ పక్కన మంచం. అంతకంటే ఇంకేదీ కావాలనిపించలేదు. కానీ ముప్పై దగ్గరపడ్డ ఆడపిల్ల "నేను బాగానే ఉన్నాను" అంటే ఎవరు నమ్ముతారు? ఏడుపు దాచుకుంటోంది అనుకుంటారు. అమ్మ అదే అనుకునేది. తనను పోషించడానికే నేను ఇలా ఉండిపోయానని లోలోపల కుళ్లిపోయేది.

ఆ డిసెంబరులో చరోదాలో ఉండే మా మావయ్య ఒక సంబంధం తెచ్చాడు. అబ్బాయిది విజయనగరం, గుమాస్తా ఉద్యోగం. మంచివాళ్లే. నేను వద్దన్నాను. ఎందుకని అమ్మ అడిగింది. నోరు తెరిచాను గానీ మాట రాలేదు. ఎన్నిసార్లు అడిగినా అంతే.

"నా మూలాన నీ బతుకు ఇలాగయిపోనాది. నాను సచ్చిపోతే గాని నువ్వు పెళ్లి సేసుకోవు," అంది అమ్మ.

ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసింది. వండి పెట్టేది, టిఫిన్ డబ్బా గుమ్మం పక్కన ఉంచేది, కానీ మాట ఉండేది కాదు. తనూ సరిగ్గా తినేది కాదు. పది రోజులు దాటాయి, రెండు వారాలు దాటాయి. మావయ్య మాత్రం వచ్చే ఆదివారం వాళ్లను తీసుకొస్తానని కబురు పంపాడు. అమ్మ సరే అనేసింది. నేను స్టేషను బెంచీ మీద కూర్చుని అమ్మకు చెప్పాల్సిన మాటలు రోజూ మనసులో అల్లుకునేదాన్ని. ఇంటి గుమ్మం దగ్గరకొచ్చేసరికి అవన్నీ ఎటో పోయేవి.

ఆదివారానికి ముందు గురువారం. స్కూల్లో అర్ధసంవత్సర పరీక్షలు. నాకు పొద్దున పదకొండు నుంచి రెండింటి దాకా హాల్లో డ్యూటీ. పెద్ద మేడమ్ అదే హాల్లో, రెండో తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. మూడు గంటల్లో నేను గది దాటలేదు. పిల్లల ప్రతి పేపరు మీదా నా సంతకం ఉంది. తర్వాత నాలుగింటి దాకా స్టాఫ్‌రూములో జవాబు పేపర్ల కట్టలు కట్టాం. ఇదంతా ఎందుకు చెబుతున్నానో ముందుముందు తెలుస్తుంది.

ఒక్క విషయం మాత్రం చెప్పాలి. ఒంటిగంట ప్రాంతంలో, కిటికీలోంచి ఎండ వచ్చి మెడ మీద పడుతుంటే, నాకు ఒక్క క్షణం చాలా తేలిగ్గా అనిపించింది. ఎవరో తలలో వేళ్లు పెట్టి మెల్లగా నిమురుతున్నట్టు. నిద్ర ముంచుకొస్తోందనుకుని లేచి బెంచీల మధ్య తిరిగాను. అంతే. దాన్ని నేను సాక్ష్యంగా చెప్పడం లేదు.

ఆ రోజు కూడా స్టేషనుకు వెళ్లి కూర్చునే ఇంటికి వచ్చాను. తలుపు తీసే ఉంది. అమ్మ వంటింట్లో పొయ్యి దగ్గరుంది. నన్ను చూసి నవ్వింది.

"తలనొప్పి తగ్గినాదా? మద్దేనం అంత ఏడ్సినావు గదా," అంది.

రెండు వారాల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది. నాకేమీ అర్థం కాలేదు. మాట్లాడింది, అదే చాలనుకుని ఊ కొట్టాను. అమ్మ టీ గ్లాసు చేతికిచ్చింది. పక్కన కూర్చుంది.

"ఆ బెంచీ సంగతి ముందే సెప్పొచ్చు గదే. ఎక్‌ట్రా కలాసు, ఎక్‌ట్రా కలాసని ఇన్నాళ్లు అబద్దమాడినావు. రైళ్లు సూత్తూ కూకుంటే నాను వొద్దంటానేటి?"

గ్లాసు కింద పెట్టేశాను.

"ఏ బెంచీ అమ్మా?"

"ఏటే అలాగడుగుతావు? నువ్వే సెప్పినావు గదా. జాంకాయ కొనుక్కుని తింతానని కూడా సెప్పినావు."

అమ్మ మామూలుగా, పొయ్యి మీద అన్నం ఉడికిందో లేదో చూసుకుంటూ చెప్పుకుపోయింది. నేను మధ్యాహ్నం ఇంటికి వచ్చానట. పెరట్లో మంచం మీద తన పక్కన కూర్చున్నానట. తను అన్నం పెడితే తిన్నానట. తర్వాత తన ఒళ్లో తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చి, అన్నీ చెప్పేశానట.

"నీ కోసం కాదమ్మా, నాకే ఇలాగ బాగుంది, నాను సంతోసంగా ఉన్నాను, అది సెప్తే నువ్వు బాధపడతావని సెప్పలేదు అన్నావు. అంత ఏడుత్తూ సంతోసంగా ఉన్నానంటే నవ్వొచ్చీసినాది నాకు. కానీ నమ్మినాను."

ఆ వాక్యం నాది. యాస తప్ప అక్షరం పొల్లుపోకుండా నాది. ఎన్నో సాయంత్రాలు బెంచీ మీద కూర్చుని అల్లుకున్నది. పైకి ఒక్కసారి కూడా అనలేదు.

"మావయ్యకి కబురెట్టీసినాను. పక్కింటి దుర్గా దీదీ వాళ్లాయన డూటీకి చరోదా ఎల్తుంటే సెప్పమన్నాను. ఆదివారం ఆళ్లని రావద్దన్నాను. కోప్పడితే పడనీ."

నేను లేచి పెరట్లోకి వెళ్లాను. కుళాయి దగ్గర రెండు కంచాలున్నాయి. రెండింటిలోనూ తిన్న గుర్తులున్నాయి.

అమ్మ ఎండలో కునుకు తీసి కల కన్నదని అనుకున్నాను. ఎన్నాళ్లుగానో సరిగ్గా తినని మనిషి. నిద్రలో లేచి రెండు కంచాలు తనే పెట్టుకుని ఉండొచ్చు. ఆ రాత్రి అలాగే సర్దిచెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున పక్కింటి దుర్గా దీదీ గోడ మీంచి పలకరించింది. ఆమెది రాజ్‌నంద్‌గావ్ వైపు. నిన్న నీకు ఒంట్లో బాగాలేదా అని హిందీలో అడిగింది. తను వాకిట్లో వడియాలు పెడుతుంటే నేను ఆ దారినే ఇంట్లోకి వెళ్లానట. "పిలిచాను. తల మీదుగా చెంగు కప్పుకుని ఉన్నావు, నవ్వావు గానీ ఆగలేదు. ధీరే ధీరే చల్ రహీ థీ. అంత మెల్లగా నడుస్తుంటే జ్వరమేమో అనుకున్నా," అంది.

దుర్గా దీదీ పట్టపగలు వడియాలు పెడుతూ కల కనలేదు కదా.

నేను లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి అలాగే ఆలోచించాను. పరీక్ష మధ్యలో ఖుర్సీపార్ వచ్చి, అన్నం తిని, ఏడ్చి, తిరిగి వెళ్లడం కుదరదు. వెళ్లానన్నా పెద్ద మేడమ్ ఎదురుగా కూర్చునే ఉంది. బెంచీ సంగతి ఎవరో అమ్మ చెవిన వేశారనుకుంటే, అక్కడ నన్ను ఎరిగింది జామకాయల ముసలామె ఒక్కతే. ఆమెకు నా పేరు కూడా తెలియదు. అమ్మ భిలాయి-3 వైపు వచ్చిందే లేదు. పోనీ బెంచీ సంగతి తెలిసిందే అనుకుందాం. నా మనసులో మాటలు ఎలా తెలుస్తాయి?

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది వేరే. వచ్చింది నేను కాదని అమ్మకు చెప్పాలా వద్దా? చెబితే భయపడుతుంది. చెప్పకపోతే ఇంకెవరో చూపించిన ధైర్యాన్ని నేను నాదని ఒప్పుకున్నట్టు. అమ్మ నన్ను చూసి నవ్వినప్పుడల్లా దొంగసొమ్ము తింటున్నట్టుండేది. అయినా చెప్పలేదు. ఆ నవ్వును పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది.

మావయ్య ఆరు నెలలు మా గడప తొక్కలేదు. తర్వాత మెత్తబడ్డాడు. అమ్మ మళ్లీ ఎప్పుడూ పెళ్లి మాట ఎత్తలేదు. ఇరుగుపొరుగు అడిగితే, "మా పిల్లకి అలాగే బాగుంది," అనేది. ఆ మాటలో సంజాయిషీ ఉండేది కాదు.

సంక్రాంతి దాటాక ఒక ఆదివారం, ఆ బెంచీ తనకూ చూపించమంది అమ్మ. టెంపోలో తీసుకెళ్లాను. ఇద్దరం ప్లాట్‌ఫారం చివర కూర్చున్నాం. బొగ్గు బండి ఒకటి వచ్చింది. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అది పోయేదాకా రెప్ప వెయ్యకుండా చూసింది. "బాగుందే," అంది. చాలాసేపటి తర్వాత, "మీ నాన్నతో ఒక్కసారైనా ఇలాగ ఊరికే కూకోలేదు," అంది. ఆ రోజు మేమిద్దరం మాట్లాడుకున్నది అంతే.

ఆ తర్వాత పదిహేనేళ్లకు పైగా అమ్మ నాతోనే ఉంది. చివరి ఏడాది మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం నేను తల దువ్వుతుంటే ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

"సత్తెమ్మా, ఆవేళ నా ఒళ్లో పడుకున్నావు గదా. సెంగు తీసి నీ తల నిమిరితే ముందరంతా నెరిసిపోయి ఉంది. ముప్పయ్యేళ్లు నిండకుండా నా పిల్లకి ఇంత తెల్ల జుత్తేటని గుండె ఆగిపోనాది. అందుకే నిన్ను ఒక్కమాట కూడా అనలేకపోనాను. సాయంత్రం నువ్వొచ్చి టీ తాగుతుంటే మళ్లీ సూసినాను. ఒక్క యెంట్రుక తెల్లగా లేదు."



"నీకు తెలుసా అమ్మా? మరి ఇన్నేళ్లూ అడగలేదేం?"

"అడిగితే నువ్వు మళ్లీ నోరు మూసుకుంటావని బయ్యం," అంది. "ఎవులైతే ఏటి. నా పిల్లే. నా పిల్ల ఏడుపు నాకు తెల్దా?"

అమ్మ ఆ వానాకాలంలోనే పోయింది.

నాకిప్పుడు యాభై దాటాయి. ముందువైపు జుట్టు తెల్లబడింది, రంగు వెయ్యను. నడకా నెమ్మదించింది. ఆదివారాలు అన్నం తిని ఎండలో నడుం వాలిస్తే, అమ్మతో ఒక్కసారైనా నా నోటితో నేను చెప్పి ఉండాల్సింది అనిపిస్తుంది. అలా అనుకుంటూనే నిద్ర పట్టేస్తుంది. లేచేసరికి కళ్లు తడిగా ఉంటాయి. ఏం కలొచ్చిందో ఎప్పుడూ గుర్తుండదు. గుండె మాత్రం, చెప్పాల్సిందంతా చెప్పేసి వచ్చినంత తేలిగ్గా ఉంటుంది.

దీనికీ దానికీ సంబంధం ఉందని నేననను. ఎలా ఉంటుందో చెప్పలేను కూడా. లెక్క ఏ వైపు నుంచి చేసుకొచ్చినా ఒక చోట ఆగిపోతుంది. ఆ మధ్యాహ్నం మా అమ్మ ఒళ్లో ఎవరో పడుకుని ఏడ్చారు. వాళ్లు ఎవరైనా సరే, ఆ రోజు వచ్చినందుకు వాళ్లకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.