మా సార్ రాసిన ‘చాలు’

మా సార్‌కి హిందీ రాదు. ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతే అది. తెనాలి నుంచి రాయపూర్ వచ్చి ప్రోగ్రాములు రాసే పెద్దాయన, నోరు తెరిస్తే తెలుగు, లేదంటే ఇంగ్లీషు. మా యజమానికి తెలుగు రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. అభన్‌పూర్ నుంచి రోజూ బస్సులో వచ్చే నా తోటి ప్రోగ్రామర్‌ది హిందీ మీడియం. ఇంగ్లీషు చదివేవాడు గానీ మాట్లాడమంటే చెమటలు పట్టేవి. ఇక మిగిలింది నేను. రాయపూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినదాన్ని, ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, వీధిలో హిందీ. అందుకని ఈ ముగ్గురి మధ్యా నన్ను నిలబెట్టారు.

ఆ పని నాకు భలే ఇష్టం. సార్‌కి కోపం ముక్కుమీదే ఉండేది. "వీడి మెదడు మోకాల్లో ఉందేమో అడగమ్మా" అనేవారు. నేను అటు తిరిగి, "ఇంకోసారి చూడమంటున్నారు" అని హిందీలో చెప్పేదాన్ని. అతను వినయంగా "జీ సర్" అనేవాడు, సార్ తృప్తిగా తలూపేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా. సార్ నోరు మంచిది కాకపోయినా, మధ్యలో నా నోరు మంచిదవడం వల్ల మా ఆఫీసు నడిచింది.

అప్పటికి మా రాయపూర్ వైపు ఇంకా వేరే రాష్ట్రంగా విడిపోలేదు. సిల్తారాలో ఒక ఇనుము ఫ్యాక్టరీకి లారీల ప్రోగ్రాం మేమే చూసేవాళ్లం. అందులో గేటు సంగతి చూసే కాంపొనెంటు మాత్రం ఇంకెవరో చేసి అమ్మింది. మూత బిగించిన డబ్బా లాంటి ప్రోగ్రాం. ‘లారీని వదులు’ అని పిలిస్తే గేటు చీటీ ముద్రిస్తుంది, అంతే. లోపల ఏముందో చూడ్డానికి లేదు, మార్చడానికి లేదు. ఫ్యాక్టరీవాళ్లేమో తూకం వెయ్యని లారీ బయటికి పోకూడదని పట్టుబట్టారు.

సార్ ఒక ఉపాయం చేశారు. ఆ డబ్బాకి ముందు ఇంకో చిన్న ప్రోగ్రాంని కూర్చోబెట్టారు. డబ్బాకి వెళ్లే ప్రతి పిలుపునీ అది దారిలోనే పట్టుకుని, తూకం అయిందా అని చూసి, అయితేనే లోపలికి పంపుతుంది. పిలిచినవాడు డబ్బాతోనే మాట్లాడాననుకుంటాడు. డబ్బా ఏమో తిన్నగా తననే పిలిచారనుకుంటుంది. నాకు అర్థం కాలేదంటే, "మీ ఇంట్లో ఫోన్ మోగితే ముందు ఎవరెత్తుతారు?" అన్నారు. మా అత్తయ్య అన్నాను. "ఎవరు, ఎందుకు అని అడిగి, నచ్చితే నీకిస్తుంది, లేకపోతే నువ్వు లేవంటుంది. ఇదీ అంతే" అన్నారు. మా అత్తయ్య ఇంత మోడరన్ అని నాకు అప్పటిదాకా తెలీదు.

సిల్తారా వెళ్లి దాన్ని పెట్టి వచ్చే పని అభన్‌పూర్ అతనికి పడింది. మర్నాడు పొద్దున్నే గొడవ మొదలైంది. లారీని వదిలాం అని తెర మీద వస్తోంది, గేటు చీటీ మాత్రం రావట్లేదు. లారీలు బారులు తీరి రోడ్డు మీదికి వచ్చేశాయట. యజమాని ఫోన్ పెట్టేసి, ఇది చేసినవాణ్ణి సాయంత్రానికల్లా పంపించేస్తానన్నాడు. ఈ ఉద్యోగం చూసే అభన్‌పూర్ అతనికి పిల్లనిస్తామన్నారు, ముహూర్తం పెట్టుకోవడమే మిగిలింది. ఉద్యోగం పోతే సంబంధమూ పోతుంది.

ఏం మార్చావని అడిగాను. "ఏమీ మార్చలేదు దీదీ. చాలూ అని కనిపిస్తే చాలూ చేశాను" అన్నాడు.

ఓరి నాయనో అనుకున్నాను. మేం పరీక్షించేటప్పుడు నిజమైన గేటుదాకా పోకుండా, ‘ఇక చాలు, పిలుపుని ఇక్కడే ఆపి, సరేనని చెప్పి పంపెయ్’ అనడానికి సార్ ఒక సెట్టింగు పెట్టుకున్నారు. దానికి ఇంగ్లీషు అక్షరాల్లో ‘చాలు’ అని పేరు. హిందీవాడు చదివితే అది చాలూ, అంటే నడిపించమని. ట్యాంకు నిండగానే మా అమ్మ డాబా మీంచి "చాలు, చాలు" అని అరిస్తే, కింద పక్కింటావిడ "హా, చాలూ హై" అంటూ మోటారు అలాగే ఉంచెయ్యడం చిన్నప్పట్నుంచీ చూసినదాన్ని నేను. రాసిన సార్‌కి ఆ రెండో అర్థం తట్టలేదు, చదివిన అతనికి మొదటిది తెలీదు.

ఫ్యాక్టరీవాళ్లకి ఫోన్‌లో చెప్పి సెట్టింగు మార్పించాను. లారీలు కదిలాయి. యజమాని కోపం కదల్లేదు. ముగ్గుర్నీ గదిలోకి పిలిచి, తప్పెవరిదో సార్‌ని అడగమన్నాడు నాతో.

సార్ అప్పటికే మండిపోతున్నారు. "అర్థం కాకపోతే అడగాలి కదా. అడిగాడా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇప్పుడు నా మాట మీద పెడుతున్నాడు. తప్పు వీడిదేనని చెప్పు" అన్నారు.

అభన్‌పూర్ అతను నేల చూస్తున్నాడు. నాకు సార్ మీద ఒళ్లు మండింది. యజమాని వైపు తిరిగి హిందీలో, "అందరూ చదివేచోట తెలుగు మాట రాయడం తన తప్పేనంటున్నారు. ఇతన్ని ఏమీ అనొద్దంటున్నారు" అన్నాను.

అంత పొడుగు కోపానికి ఇంత మెత్తటి అర్థమేమిటని యజమానికి అనుమానం వచ్చినట్టుంది. సార్ కళ్లలోకి చూస్తూ, "మీరన్నది ఇదేనా?" అని హిందీలోనే అడిగాడు. నా పని అయిపోయిందనుకున్నాను. అయినా తెలుగులో ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచేసరికి సార్ చెయ్యి అడ్డం పెట్టారు.

"అదే అన్నాను. అమ్మాయి సరిగ్గానే చెప్పింది. తప్పు నాది" అన్నారు, హిందీలో. మా వీధి హిందీ కంటే శుభ్రమైన హిందీ.

యజమాని సరే వెళ్లి పని చూసుకోండి అన్నాడు. అతని ఉద్యోగం నిలబడింది.

సాయంత్రం మెట్ల కింద సార్‌ని పట్టుకున్నాను. "మీకు హిందీ వచ్చా సార్?"

"నాగపూర్‌లో చాలాకాలం ఉద్యోగం చేశానమ్మా. అక్కడ ఒకతన్ని వాడికి తెలిసిన హిందీలోనే నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు మర్నాటినుంచి పనికి రాలేదు. నా నోరు ఇక మారదు, నాకు తెలుసు. అందుకే ఇక్కడ హిందీ రాదన్నాను. నువ్వు మార్చి చెబుతున్నావని మొదట్లోనే తెలుసు. నువ్వున్నావనే ధైర్యంగా తిట్టాను" అన్నారు.

అభన్‌పూర్ అతను పక్కనే నిలబడి మా ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు. "సర్ ఏమంటున్నారు దీదీ?" అని అడిగాడు. ఈసారి ఒక్క ముక్క మార్చకుండా అంతా చెప్పాను. అతను విన్నాడు. వెళ్లి సార్ స్కూటర్ స్టాండు తీసి, ఒక పక్కకి వంచి, కిక్కు కొట్టి, ఇంజను అందుకున్నాక సార్ చేతికిచ్చాడు.