మగ్గాల వీధిలో నిశ్శబ్దం కొలిచిన మనిషి

ఒక మనిషి పట్టపగలు, పూర్తి స్పృహలో, చేతిలో నోటుపుస్తకం పట్టుకుని తన సంసారాన్ని ఎంత పద్ధతిగా ముంచుకోగలడో చూడాలనుకునేవాళ్లు ఇటొచ్చి కూర్చోండి. ఆ మనిషిని నేనే. ముంచింది తొందరపాటుతో కాదు, చదువుతో. తొందరపడి ముంచుకునేవాళ్లు ఊరినిండా ఉన్నారు, వాళ్లలో నన్ను కలపొద్దని మనవి.

నా చదువు గురించి రెండు మాటలు. ఇంటర్ దగ్గర కాలేజీ నన్ను వదిలేసింది గానీ వనపర్తి లైబ్రరీ వదల్లేదు. పగలు మోటార్లకు తీగ చుట్టేవాణ్ని, సాయంత్రం లైబ్రరీ బెంచీకి అతుక్కుపోయేవాణ్ని. తేనెటీగల గురించి చదివాను, అగ్నిపర్వతాల గురించి చదివాను, సముద్రం మొహం చూడకుండానే ఆటుపోట్ల గురించి చదివాను. చదివింది దాచుకునే అలవాటు నాకు లేదు. నేను చాయ్ కొట్టు మెట్లెక్కితే చాలు, అక్కడున్న వాళ్లకు ఇంటి దగ్గర అర్జెంటు పనులు గుర్తొచ్చేవి.

నా భార్య సుజాత నర్సు, మా పాప చిట్టి బడికి పోతుంది. ఆమెకు గద్వాల దవాఖానకు బదిలీ అయింది. వనపర్తి నుంచే రోజూ బస్సులో పోయి వస్తానంది. పోవడం బాగానే పోయేది, రావడమే కష్టమైంది. రాత్రి డ్యూటీ దిగి పొద్దున బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే కళ్లు మూతపడేవి. కండక్టర్ “వనపర్తి, వనపర్తి” అని ఎంత అరిచినా, అది తనను ఉద్దేశించి కానట్టే నిద్రపోయేది. రెండోసారి అట్లా జరిగిన రోజు నేను ఫోన్ చేశాను.

“ఏడున్నవ్?”

“నాగర్‌కర్నూల్ బస్టాండ్ల. ఇడ్లీ తింటున్న.”

“మళ్లీనా?”

“ఇగో, నేను చెప్పేది జర ఇను. నాకు గద్వాలల్నే ఇల్లు కావాలె. దవాఖానకు నడిచి పోయేటట్టుండాలె. చిట్టికి బడి దగ్గరుండాలె. పగటిపూట పండుకోనిచ్చే వాడ కావాలె. నిద్ర లేక నిన్న సూది గుచ్చుతుంటే చెయ్యి వణికింది. గిట్లనే ఉంటే నౌకరి ఇడిచిపెడ్త.”

అది బెదిరింపు కాదు. కష్టపడి చదివి తెచ్చుకున్న ఉద్యోగం, ఆమెకు ప్రాణం. ఆమె నోట ‘ఇడిచిపెడ్త’ అన్న మాట వచ్చిందంటే లోపల ఎంత అలిసిపోయిందో నాకు తెలుసు. అందుకే గంభీరంగా చెప్పాను: “ఇల్లు దేవులాడే పని నాకు ఇడిచిపెట్టు. శాస్త్రీయంగ దేవులాడుత.”

“గదే నా భయం,” అంది సుజాత. ఇడ్లీ నములుతూనే అంది.

లైబ్రరీలో ఇంటి ఎంపిక మీద ఒక పుస్తకం దొరికింది. అందులో నాకు నచ్చిన సలహా ఒక్కటే: ఇల్లు తీసుకునే ముందు ఆ వీధిలో కూర్చుని చెవులతో చూడండి. నాకు ఇంతకంటే ఏం కావాలి? నోటుపుస్తకం, వాచీ పట్టుకుని గద్వాలలో దిగాను. మొదటి వీధిలో ఫంక్షన్ హాలు ఉంది, కొట్టేశాను. రెండో వీధిలో ఆటోలకు బ్రేకుల కంటే హారన్లు ఎక్కువ పనిచేస్తున్నాయి, కొట్టేశాను. కొన్నాళ్ల తర్వాత ఇంకో రోజొచ్చి మూడో వీధి అరుగు మీద కూర్చున్నాను. దవాఖానకు పది నిమిషాల నడక. మలుపులో బడి. వీధి మొదట్లోనే ధరూర్ రోడ్డుకు పోయే షేర్ ఆటోలు. నేను కొత్తగా పెట్టబోయే మోటార్ల కొట్టు ఆ దారిలోనే.

ఇక నిశ్శబ్దం. పదకొండు నుంచి ఒంటిగంట దాకా నేను రాసుకున్నది ఇదీ: ‘కాకి, ఒకసారి. కుక్కర్, మూడు కూతలు. ఎవరో తుమ్మారు. అదే కాకి, మళ్లీ.’

ఇంటింటా మగ్గాలున్న సంగతి నేను చూడకపోలేదు. తలుపుల్లోంచి కనిపిస్తూనే ఉన్నాయి, గుడ్డ కప్పి ఉన్నాయి. చూసి ఇంకా మురిసిపోయాను. చేనేత అంటే చేతిపని, చేతిపనికి చప్పుడేముంటుంది అనుకున్నాను. నేత గురించి నేను చదివిన పుస్తకాల్లో బొమ్మలు చాలా ఉన్నాయి. ఏ బొమ్మా చప్పుడు చెయ్యలేదు.

అక్కడ ఖాళీగా ఉన్న ఒక వెనక వాటాకు ఆ పూటే మాట ఇచ్చేసి ఇంటికొచ్చి చెప్పాను: “ఆ వీధిల కాకి సుత ఆలోచించి అరుస్తది.”

ఆదివారం సాయంత్రం సామాను దింపాం. ఆ వారం సుజాతకు పగటి డ్యూటీ. సోమవారం పొద్దున ఆమె దవాఖానకు, చిట్టి బడికి వెళ్లాక నేను చాయ్ గ్లాసుతో తీరిగ్గా కూర్చున్నాను. అప్పుడు గోడ అవతల ‘టక్’ అంది. ఇంకో గోడ అవతల ‘టకటక్’ అంది. తర్వాత వీధి వీధంతా అందుకుంది. పన్నెండు మంది వడ్రంగులు ఒకే కుర్చీ మీద పగబట్టినట్టుంది. గ్లాసులో చాయ్ వణుకుతోంది. గ్లాసు అక్కడే పెట్టి లేచాను.

ముందు వాటాలో ఉండే ఇంటి ఓనరు వీరమ్మ దగ్గరికి పరుగెత్తాను. డెబ్భై ఏళ్ల మనిషి, మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తోంది.

“అవ్వా, ఏందీ సప్పుడు?”

“ఏ సప్పుడు నాయినా?” అంది ఆమె, చెయ్యి ఆపకుండా.

“నేనొచ్చిన నాడు ఏం సప్పుడు లేకుండె గద.”

ఆమె మగ్గం ఆపి నన్ను జాలిగా చూసింది. “నువ్వొచ్చింది అమాస నాడు బిడ్డా. అమాస నాడు మేం మగ్గం ఎక్కం. గది సుత తెల్వదా?”

తెలియదు. చంద్రుడికీ సముద్రానికీ ఉన్న సంబంధం గురించి గంటసేపు చెప్పగలను. చంద్రుడికీ మగ్గానికీ సంబంధం ఉన్నట్టు ఏ పుస్తకమూ నా చెవిన వెయ్యలేదు. నెలకొక్కరోజు సెలవు తీసుకునే వీధిని సరిగ్గా ఆ రోజే వెళ్లి కొలిచి వచ్చాను.

వచ్చే సోమవారం నుంచి సుజాతకు రాత్రి డ్యూటీ. చేతిలో ఏడు రోజులు. ఆమె సాయంత్రం ఇల్లు చేరేసరికి నేతగాళ్లు మగ్గాలు దిగి చాయ్ తాగుతుంటారు కాబట్టి ప్రస్తుతానికి గుట్టు దాగింది. ఈలోగా వీధి నోరు మూయించాలి. పక్కింటి నాగరాజు దగ్గర మొదలుపెట్టాను.

“తమ్మీ, జర మెల్లగ నెయ్యరాదు?”

“మెల్లగ నేస్తే చీర వచ్చే ఏడు దిగుతది అన్నా.”

“గా అటూ ఇటూ ఉరికే నాడెకు నూనె పూస్తే సప్పుడు తగ్గదా? నా తాన మంచి నూనె ఉంది.”

“అన్నా, గది మోటారు గాదు. పట్టుచీర. నూనె మరక పడ్డదంటే ఆ చీర మీ ఇంటికే వస్తది.”

చీర మోజు సుజాతకు ఉంది గానీ, ఆ దారిన కాదు. మళ్లీ వీరమ్మ దగ్గరికి పోయాను. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా మగ్గం ఆపమని బతిమాలాను. “ఆపుత బిడ్డా. గీ చీర పెండ్లిది. పెండ్లిపిల్ల తల్లి నంబరిస్త, నువ్వే మాట్లాడు,” అంది. ఆ నంబరు నేను తీసుకోలేదు.

ఇక మిగిలింది విజ్ఞానం. పాటలు రికార్డు చేసే గదుల్లో గోడలకు గుడ్ల అట్టలు అంటిస్తారని ఎక్కడో చదివాను. హోటళ్లు తిరిగి నలభై అట్టలు పోగుచేసి పడకగది గోడంతా అంటించాను. వీరమ్మ వచ్చి చూసి, “కోళ్లెప్పుడొస్తయ్?” అని అడిగింది. చప్పుడు మాత్రం తగ్గలేదు, గది కొంచెం గుడ్ల వాసన కొట్టింది. సుజాత సాయంత్రం వచ్చి గోడను కిందికీ మీదికీ చూసింది.

“ఏందయ్యా ఇది?”

“గోడకు చెమ్మ వస్తుంది. ఆపనీకె.”

ఆమె ‘ఊ’ అని ఊరుకుంది. ఆ ‘ఊ’ ఎందుకంత పొట్టిగా ఉందో అప్పుడు నాకు తట్టలేదు. ఆదివారం ఇంట్లో ఉంటే వినేస్తుందని, తెల్లారకముందే అందర్నీ లేపి జూరాల డ్యాం చూపించడానికి తీసుకుపోయి పొద్దుగూకే దాకా నీళ్లే చూపించాను.

సోమవారం రాత్రి డ్యూటీకి వెళ్లింది. మంగళవారం పొద్దున చిట్టిని బడికి పంపి కొట్టు తెరవకుండా ఇంటి గుమ్మంలో నిలబడ్డాను. సుజాత వచ్చింది, స్నానం చేసింది, రెండు ముద్దలు తిని మంచమెక్కింది. అదే క్షణాన నాగరాజు మొదలుపెట్టాడు. వీరమ్మ అందుకుంది. వీధి మొత్తం ఊపందుకుంది. నేను వంటింట్లో కళ్లు మూసుకుని రాజీనామా ఉత్తరం ఎట్లా ఉంటుందో ఊహించుకుంటున్నాను.

పది నిమిషాలకు తలుపు కొంచెం తీసి చూశాను. పడుకుంది. ఇంకో పది నిమిషాలకు మునివేళ్ల మీద వెళ్లి మళ్లీ తీసి చూశాను. నాలుగోసారి తలుపు మీద చెయ్యి వేసేసరికి లోపల్నుంచి గొంతు వచ్చింది.

“ఎన్నిసార్లు తీస్తవయ్యా ఆ తలుపు?”

గుమ్మంలోనే నిలబడి అంతా ఒప్పుకున్నాను. అమావాస్య, కాకి, తుమ్ము, నాడెకు నూనె, అట్టలు, డ్యాం. దాదాపు ఏడ్చినంత పని చేసి, “ఇంకో ఇల్లు చూస్త, నువ్వు నౌకరి మాత్రం ఇడిచిపెట్టకు,” అన్నాను.

సుజాత దిండులో మొహం పెట్టి నవ్వింది. “వీరమ్మవ్వ పోయిన మంగళారమే బీపీ గోలీలకు దవాఖానకొచ్చింది. నీ మొగుడు మగ్గాలకు నూనె పూస్తుండని చెప్పింది. వార్డు మొత్తం వారం రోజుల సంది నవ్వుతుంది.”

“మరి ఈ సప్పుడు?”

“రాత్రంతా ముప్ఫై మంచాల కాడికెల్లి ‘సిస్టర్, సిస్టర్’ అని పిలుస్తరు. ఏ మూల ఏం కదిలినా ఉలికిపడ్త. ఈ మగ్గాలు ఎంత కొట్టుకున్నా నన్ను పిలుస్తలేవు గద. వాటి పని అవి జేసుకుంటున్నయ్. మంచిగ నిద్ర పట్టింది, నువ్వు తలుపు తీసేదాంక. ఆ తలుపు కిర్రుమన్నప్పుడల్ల ఎవరికో సీరియస్ అయిందని లేస్తున్న.”

నా గుండెల మీది నుంచి వీధిలోని మగ్గాలన్నీ ఒక్కసారే దిగిపోయాయి. తలుపు వెయ్యబోతే అది మళ్లీ కిర్రుమంది. దాన్ని అట్లాగే సగంలో వదిలేసి బయటికొచ్చాను.

కాబట్టి పాఠకుల సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఇకమీదట ఏ వీధినీ నోటుపుస్తకంతో వినను. ఇల్లు వెతకాల్సి వస్తే ముందు క్యాలెండర్, తర్వాత ఆ వీధి అవ్వ, ఆ తర్వాతే లైబ్రరీ. అన్నిటికంటే ముఖ్యంగా, నా భార్యకు నిద్ర పట్టిందో లేదో చూడ్డానికి ఆమెను నిద్ర లేపను. ఈ ఒట్టు అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. లోపల సుజాత గాఢనిద్రలో ఉంది, వీధిలో మగ్గాలన్నీ జోరుమీదున్నాయి. వీరమ్మ మాత్రం ఇప్పుడే కిటికీలోంచి తల బయటపెట్టి, “కాయితం గంత గట్టిగ తిప్పకు బిడ్డా, పిల్ల లేస్తది,” అని హెచ్చరించి పోయింది.