లారీల వెనక వాకింగ్ మాని న్యాల్‌కల్ మట్టిబాటకు

నడిస్తే గుండెకు మంచిదని ఒక డాక్టరు చెప్పాడు. ఎక్కడ నడవాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. జహీరాబాద్‌లో నున్నగా, తిన్నగా ఉన్న దారి ముంబై హైవేనే కదా అని పదకొండేళ్లు రోజూ పొద్దున్నే లారీల వెనక చేతులూపుకుంటూ నడిచాను. చిరాగ్‌పల్లి వైపు మొగులప్ప హోటల్లో చాయ్ తాగి వెనక్కి తిరిగేవాణ్ణి. అతను ముప్పై ఏళ్లుగా ఆ రోడ్డు అంచునే చాయ్ అమ్ముతున్నాడు. బీడీ ముట్టని మనిషి, పోయిన నెల పాలక్యాను ఎత్తబోయి ఆయాసంతో కూలబడ్డాడు.

దవాఖానాకు నేనే తీసుకెళ్లాను. బండ్ల పొగలోని సన్నటి మసి ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుందని, నెత్తుట్లోకీ చేరి రక్తనాళాల్ని బిరుసెక్కించి గుండెను అలసగొడుతుందని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. పోయిన దమ్ము పూర్తిగా తిరిగి రాదట. ఉన్నది నిలవాలంటే కొట్టు రోడ్డుకు దూరంగా జరపాలట, మెల్లగా నడవాలట. పనిలో పనిగా నా వాకింగ్ సంగతి విని ఆమె నవ్వాపుకోలేకపోయింది.

లోపలికి జరిగితే లారీవాళ్లు రారని మొగులప్ప మొండికేశాడు. మంచి గాలి రుచి చూపిస్తే దారికొస్తాడని మొన్న ఆదివారం పొద్దున ఆరున్నరకు, హైవేకు దూరంగా చేల మధ్య ఉన్న న్యాల్‌కల్ ఊరి బస్సెక్కించాను. గంటలోపే దిగాం. అక్కణ్నుంచి చేల వైపు ఆటోకు యాభై రూపాయలు. ఎవరింటికని డ్రైవరు అడిగితే, నడవడానికని చెప్పాను.

“నడిచేటందుకు ఆటోల పోతున్రా తాతా?” అన్నాడతను. నేను యాభై అతని చేతిలో పెట్టి ఎక్కి కూర్చున్నాను.

ఒక పక్క కంది, ఒక పక్క జొన్న, మధ్యలో ఎర్రమట్టి బాట. మొదట్లో పది అడుగులకోసారి ఆగిన మొగులప్ప కాసేపటికి ఇరవైకోసారి ఆగాడు. నాకు సంతోషం పట్టలేదు. ఉన్నట్టుండి నిలబడి గాలి పీల్చాడు.

“అన్నా, ఈడ ఏందో తక్కువైనట్టుంది.”

“డీజిల్,” అన్నాను.

చేను గట్టున ఒకామె కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు కాలుస్తోంది. పొగ మా మీదికి రాకుండా గాలికి ఎగువన కూర్చుని, ఆమె తొక్కు వేసి పెట్టిన రొట్టెలు చెరి రెండు తిన్నాం. అన్నట్టు, అంత పచ్చిమిరప తొక్కు తిన్నాక గుండె కొట్టుకుంటున్నదీ లేనిదీ ఏ యంత్రమూ లేకుండానే తెలుస్తుంది. మొగులప్ప తన బాధంతా ఆమెకు చెప్పుకున్నాడు. ఆమె రొట్టె మీంచి చూపు తిప్పకుండానే అంది:

“నీ చాయ్ మంచిగుంటే దేవులాడుకుంట వస్తరు. లేకుంటే సడక్ నడుమ కూసున్నా రారు.”

డాక్టరమ్మ మాటకు కదలని మనిషికి ఈ మాట తగిలింది. బుధవారానికల్లా కొట్టు రోడ్డుకు బాగా లోపలున్న సందులోకి మారింది. రెండు రోజులు ఈగలు తోలుకున్నాడు. మూడో రోజు పాత లారీ డ్రైవరొకాయన రోడ్డు పక్క బండి ఆపి, ఇంత దూరం నడిపిచ్చినవేందని తిట్టుకుంటూ వచ్చి రెండు చాయ్‌లు తాగాడు.

పదకొండేళ్లలో నేను మింగిన పొగను ఎవరూ వెనక్కి తీయలేరు. కానీ ఇవాళ్టిది ఇంకా మింగలేదు కదా. మీరూ న్యాల్‌కల్ వెళ్లేట్టయితే తిరుగు బస్సు ఎన్నింటికో దిగగానే కనుక్కోండి, వాడే మందులు జేబులో పెట్టుకోండి. లారీ హారన్ వినపడనంత లోపలికి వెళ్లాకే మొదటి అడుగు లెక్కపెట్టండి.