పిలిస్తే వినబడే హెడ్‌ఫోన్లు

ఆ రోజుల్లో పోర్ట్ బ్లెయిర్‌లో ఎవరితో మాట్లాడినా వాళ్ల ఒక చెవి మన మాట మీద, రెండో చెవి సముద్రం మీద ఉండేది. సునామీ వచ్చి వెళ్లి కొన్ని నెలలే అయింది. నేల ఇంకా అప్పుడప్పుడూ కదిలేది. ‘పానీ ఆ రహా హై’ అని ఎవరైనా అంటే చాలు, బజారు బజారంతా ఎత్తుకి పరుగెత్తేది. (నీళ్లు రాలేదని తెలిశాక ఎవరి చెప్పులు ఎవరివో తేల్చుకోవడానికి ఇంకాసేపు పట్టేది.) అంత జాగ్రత్తగా ఉన్న ఊళ్లో రెండు చెవులూ పాటలకి అప్పగించి తిరిగే మనిషిని నేనొక్కదాన్నే. అందుకే మావయ్య నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి ‘పరధ్యానం’ అనేవాడు. కొన్నాళ్లకి షాపుకొచ్చేవాళ్లు కూడా అదే నా పేరనుకున్నారు.

డిగ్రీ అయ్యాక ఏం చెయ్యాలో తోచక గోల్ ఘర్ బజారులో మావయ్య ఎలక్ట్రికల్ షాపులో కూర్చునేదాన్ని. అమ్మ మాత్రం నన్ను షిప్పెక్కించి, విశాఖలో దిగాక ఇంకా లోపలికెక్కడో ఉన్న పెద్దమ్మ ఊరికి పంపేయాలని పట్టుబట్టింది. ఇంట్లో ఒక్కరైనా నీళ్లకి దూరంగా బతకాలని ఆవిడ పంతం. అల వచ్చిన రోజు నుంచి అమ్మకి కంటినిండా నిద్ర లేదు. గిన్నె కదిలినా, కుక్క మొరిగినా లేచి గుమ్మంలో నిలబడేది. నాకేమో ఈ దీవి వదిలి వెళ్లడమంటే ప్రాణం పోయినంత పని. చివరికి మావయ్య అడ్డుపడి, “దీనివల్ల షాపుకి ఉపయోగం ఉందని తేలితే ఉంచుదామక్కా, లేకపోతే వచ్చే షిప్‌కి నేనే ఎక్కించేస్తాను” అన్నాడు. అలా నా భవిష్యత్తంతా నా ఉపయోగం మీద ఆధారపడింది. (ఇంతకంటే బలహీనమైన ఆధారం ఉండదని నాకూ తెలుసు.)

నాకు చేతనైన పని ఒక్కటే, వినడం. కళ్లు మూసుకుని హెడ్‌ఫోన్ పెట్టుకుంటే షాపూ, ఫ్యాన్లూ, మావయ్య గొణుగుడూ మెల్లగా కరిగిపోయేవి. వీణ ఎదురుగా చాప మీద కూర్చునేది, తబలా కొంచెం వెనగ్గా గోడవార చేరేది, పాడే మనిషి పాటకి ముందు తీసుకునే ఊపిరి నా మెడ మీద తగిలేది. ఆ ధైర్యంతోనే మద్రాసు నుంచి రెండు రకాల హెడ్‌ఫోన్లు తెప్పించమని మావయ్యకి చెప్పాను. చెవి మొత్తం కప్పేసే పెద్దవి ఎక్కువ, చెవి మీద ఊరికే ఆనుకుని కూర్చునే చిన్నవి కొంచెం. చిన్నవాటి మీద నా తీర్పు కఠినంగా ఉండేది. మజ్జిగలో మళ్లీ నీళ్లు పోసినట్టు పల్చటి శబ్దం, పైగా రోడ్డు మీద చప్పుళ్లన్నీ పాటలోకి దూరిపోతాయి.

మొదటి గిరాకీ బతు బస్తీలో మా వీధి టీచర్ దీదీ. ఓడలాగే హాడో వార్ఫ్‌లో పనిచేసే భర్తని వెంటబెట్టుకుని వచ్చింది. పెద్దవి ఆవిడ చెవులకి తగిలించి, కళ్లు మూసుకోమని, వీణ ఎక్కడుందో తబలా ఎక్కడుందో చెప్పబోయాను. ఆవిడ కళ్లు మూసుకోలేదు. “ఏమండీ, మీరు బయటికెళ్లి నన్నో పిలుపు పిలవండి” అంది.

ఆయన రోడ్డు మీద నిలబడి మొహమాటంగా పిలిచాడు. తర్వాత గట్టిగా పిలిచాడు. ఆటోవాళ్లు తిరిగి చూశారు, ఎదురు కొట్టు భయ్యా ఏమైందని బయటికొచ్చాడు. దీదీ మాత్రం తాపీగా తలూపుతూ పాట వింటోంది. తీసేశాక సంగతి తెలిసి, వేడి గిన్నె దించినట్టు బల్ల మీద పెట్టేసింది.

“ఒద్దమ్మా. డబ్బులిచ్చి చెవుడు కొనుక్కున్నట్టుంది. ఆ చిన్నదెలాగుంటాది?”

“అది అంత మంచిది కాదు దీదీ, బయటి చప్పుళ్లన్నీ లోపలికొచ్చేస్తాయి.”

“అదే కావాలి, తే.”

పెట్టుకుంది. భర్త పిలుపు వినబడింది, టీకొట్టు గ్లాసులు వినబడ్డాయి, హాడో వైపు నుంచి షిప్పు కూత కూడా వినబడింది. ఆవిడ మొహం వెలిగిపోయింది. “బస్, ఇంక చాలు. క్వాలిటీ అంటే ఇదీ” అంది. నా విద్వత్తంతా కౌంటర్ కిందికి జారిపోయింది.

ఆ తర్వాత వచ్చినవాళ్లందరూ పిలవడానికి ఒక మనిషిని వెంట తెచ్చుకునేవారు. చిన్నవి రెండు రోజుల్లో ఖాళీ. నేను మెచ్చి తెప్పించిన పెద్దవి మాత్రం గోడలా పేరుకుని ఉండిపోయాయి. మావయ్య వాటి వంక చూసి, నా వంక చూసి, షిప్ ఎప్పుడొస్తుందో కనుక్కోవడం మొదలుపెట్టాడు. వెక్కిరించినా బాగుండేది. ఆయన షిప్ తేదీకి క్యాలెండర్‌లో సున్నా చుట్టేసరికి నాకు నిజంగా భయం వేసింది.

ఒక మధ్యాహ్నం టికెట్ సంగతి మాట్లాడ్డానికి అమ్మే వచ్చింది. కళ్ల కింద నల్లగా, మనిషి సగమై ఉంది. మావయ్య ఇంకా భోజనం నుంచి రాలేదు. పెద్దవి తీసి, “ఒక్క పాట వినమ్మా” అన్నాను. అమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇవి పెట్టుకుంటే ఏదీ వినబడదంట కదే.” “వినబడదు” అని ఒప్పుకున్నాను. వాటిని ఒళ్లో పెట్టుకుని, “అయితే నేను పెట్టుకున్నంతసేపూ నువ్వు వినాలి. ఏ అలికిడైనా నన్ను లేపాలి” అని పెట్టుకుంది.

పాట సగంలోనే అమ్మ తల గోడకి వాలిపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. అంత గాఢంగా నిద్రపోయిన అమ్మని చూసి ఎన్ని నెలలైందో. మావయ్య వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. అమ్మ నాకప్పగించిన పని సైగలతో చెప్పాను. షట్టర్ సగం దించి, “మా అక్క కాపలాకి పెట్టుకుంది ఎవర్ని, పరధ్యానాన్ని” అని గుసగుసలాడి, మెట్టు మీద కూర్చుని వచ్చినవాళ్లని వచ్చినట్టే పంపేశాడు.

ఎండ చల్లబడ్డాక అమ్మ లేచింది. కాసేపు ఎక్కడుందో తెలియనట్టు చూసి, మావయ్యతో, “టికెట్ వద్దురా. ఇది వెళ్లిపోతే నా బదులు ఎవరు వింటారు?” అంది. ఆ వారమే మావయ్య పెద్దవాటిని ‘ఇంట్లో ఇద్దరుంటేనే’ అని చెప్పి అమ్మడం మొదలుపెట్టాడు. ఒకరు నిద్రపోవడానికి, ఒకరు మేలుకోవడానికి. అవీ మెల్లగా కదిలాయి.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. గోల్ ఘర్ బజారులో ఆటోల రొదకి సముద్రం వినబడే ప్రసక్తే లేదు. ఆ సంగతి అప్పటి నాకు, ఆ పరధ్యానం పిల్లకి తోచనే లేదు. వీపు నిటారుగా పెట్టి, ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకుంటూ, సాయంత్రం దాకా వాళ్లమ్మ బదులు వింటూ కూర్చుంది.